మా గోడవతలి చెల్లె చెవిటిది కాదు

సిరిసిల్లలో కొడుకు దగ్గర రెండు రోజులుండి, పొద్దున మొదటి బస్సుకు బయల్దేరి కోరుట్లలో దిగాను. ఆటో అతను నా సంచి అందుకుంటూ అన్నాడు.

"అవ్వా, మీ గోడవతల చెవిటామె పొద్దుగాల్ల పోయిందట గదా."

నేను సంచి వదల్లేదు. "ఏ చెవిటామె?" అన్నాను. ఎవరి గురించో నాకు తెలుసు. తెలిసే అడిగాను.

"గదే, సాయిబులామె. బీడీలు చేత్తది. చెవులు ఇనవడయి, గామె."

ఆటోలో కూర్చున్నంతసేపు నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అతని మీద కాదు. వాడంతా అనేదే అతనూ అన్నాడు. ఆ మాటను వాడలో పుట్టించింది నేనే కాబట్టి, కోపం ఎవరి మీదికి పోవాలో దానికే తెలుసు.

నాకు అక్షరం ముక్క రాదు. మాటలు నావి, రాత మా వాడ పంతులమ్మది. ఆమె కాగితం తీసి "ఎక్కడి నుంచి మొదలుపెట్టాలె అవ్వా?" అంటే, అన్నిటికంటే ముందు ఒక్క మాట రాయమన్నాను. మా గోడవతలి చెల్లె చెవిటిది కాదు. ఆకు మీద నా కత్తెర ఆడే చప్పుడును బట్టి, నేను కోడలితో ఫోన్లో పోట్లాడి కూర్చున్నానో, అన్నం తిని కూర్చున్నానో గోడ అవతలి నుంచి చెప్పేది. "అక్కా, ఇయ్యాల ఆకు మీద కోపం తీస్తున్నవేంది? ఆకు ఏం జేసింది పాపం?" అని అరిచేది. అటువంటి చెవులు ఆమెవి.

ఆమె పేరు ఇందులో రాయించడం లేదు. ఆమె కొడుకు వద్దన్నాడు. "పెద్దమ్మా, పేరు రాస్తె రేపు ఎవడన్న కాయితాలు పట్టుకొని ఇంటికస్తడు. మాకద్దు" అన్నాడు. బతికినన్నాళ్లు నేను పిలిచింది చెల్లె అనే. ఇక్కడా అదే.

మా వాడలో బీడీ చేయని ఇల్లు వెతికినా దొరకదు. తునికాకు తడిపి, కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి చుట్టి, మూతి మలిచి, దారం కట్టాలి. మా ఆడపిల్లలకు జడ అల్లుకోవడం కంటే ముందు ఈ పని వస్తుంది. అయితే చేసేవాళ్లందరూ బీడీ కార్మికులు కారు. కార్డు ఉన్నవాళ్లే కార్మికులు. కార్డు ఉంటే దవాఖాన, ముసలితనానికి పింఛను. కార్డు లేకపోతే వేళ్లు వంకర్లు పోయేదాకా చుట్టినా నువ్వు ఏ పనీ చేయనట్టే లెక్క.

కంపెనీ వాళ్లు మా వాడకు కార్డులు రాసిన వారంలో చెల్లె మల్యాలలో తల్లిగారింట్లో ఉంది. తొలి కాన్పు. చెవులకు గుడ్డ కట్టుకొని, పసివాణ్ని ఒళ్లో వేసుకొని తిరిగి వచ్చేసరికి రాయడం అయిపోయింది. గుమాస్తా "మల్ల రాసేటప్పుడు రా" అన్నాడు. మళ్లీ రాయలేదు. ఆ పసివాడికి ఇప్పుడు ముప్పై దాటాయి. మోటారు సైకిళ్లు బాగుచేస్తాడు.

అప్పటి నుంచి ఆమె నా కార్డు మీద చేసింది. ఇది మా దిక్కు దొంగతనం కాదు, వాడుక. అత్త కార్డు మీద కోడలు, అక్క కార్డు మీద చెల్లె, ఎవరూ లేని దానికి పక్కింటామె. కంపెనీ నాకిచ్చిన ఆకులో సగం గోడ మీదుగా అవతలికి పోయేది, పొద్దుగూకేసరికి బీడీలై ఇవతలికి వచ్చేది. నేను రెండింటినీ ఒక్క గంపలో పెట్టుకొని కార్ఖానాకు పోయేదాన్ని. ఆమె కూలి ఆమె చేతిలో పెట్టేదాన్ని, అందులో నాకు మచ్చ లేదు. కార్డుతో వచ్చే మిగతావన్నీ మాత్రం నా గడప దగ్గరే ఆగిపోయాయి. ఆమె ఒక్కనాడు అడగలేదు. నేను ఒక్కనాడు ఆ మాట ఎత్తలేదు.

ఆగనిది ఒక్కటే, మందు. చెల్లెకు తంబాకు దుమ్ము పడేది కాదు. దగ్గు వచ్చే ముందు చాటను పక్కకు తిప్పి, కొంగు నోట్లో కుక్కుకొని, అటు తిరిగి దగ్గేది. తంబాకు ఎగిరిపోతే నష్టమని. ఊపిరి కంటే తంబాకు భద్రం ఆమెకు. బీడీ కార్మికుల దవాఖాన మా వాడ చివరే ఉండేది. అక్కడ కార్డు చూపించాలి. ఆమె నా కార్డు తీసుకుపోయేది. కంపౌండరు నా పేరు పిలిస్తే ఆమె లేచేది. నా పేరు మీద చీటీ, ఆమె ఛాతీకి మందు.

ఒకసారి ఇద్దరమూ ఒకేనాడు పోయాం. నాకు జ్వరం. కంపౌండరు నా పేరు పిలిచాడు. ఇద్దరం లేచి నిలబడ్డాం.

"ఏందమ్మా, ఒక్క పేరుకు ఇద్దరు లేస్తరా?" అన్నాడు.

చెల్లె తడుముకోలేదు. "సారూ, పేరు ఒక్కటే, రోగాలు రెండు. గోలీలు గూడ రెండు తీర్లు ఇయ్యుండ్రి" అంది. అతను మంచివాడు. పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకొని, రెండు పొట్లాలు కట్టాడు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా నవ్వాం. ఆ నవ్వు తరవాత మాకేం చేస్తుందో అప్పుడు తెలియదు.

దవాఖానను ఒక్కరోజులో తీసేయలేదు. ఒక్కరోజులో తీసేస్తే జనం మేలుకుంటారు కదా. ముందు డాక్టరు రోజూ వచ్చేవాడు, వారానికి మూడు రోజులయ్యాడు. తరవాత ఒక్కరోజు. కంపౌండరు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. దగ్గుకూ, నడుము నొప్పికీ, కడుపు మంటకూ ఒకటే తెల్లగోలీ ఇచ్చారు. ఆఖరికి గోడకు కాగితం అంటించారు. పంతులమ్మను పిలిచి చదివించుకున్నాం. ఖర్చు తగ్గించే పనిలో ఈ దవాఖానను ఎత్తేసి దూరపు దానిలో కలుపుతారట. మేము కూడా పొదుపు సంఘాల్లో ఉన్నవాళ్లమే. ఇంట్లో గింజలు తక్కువైతే బలంగా ఉన్నవాడి కంచంలో తగ్గిస్తాం. రోగి గంజిలో తగ్గించిన ఇల్లు నేను చూడలేదు.

దవాఖాన ముందు ధర్నాకు టెంటు వేశాం. టెంట్లో ఎవరెవరు కూర్చున్నారో నేను చెప్పాలి, ఎందుకంటే తరవాత దాని గురించి పేపర్లో వేరుగా రాశారు. నాయకులు వచ్చారు, ఫొటో దిగేంతసేపు కూర్చున్నారు. మా మగవాళ్లు రాలేదు. వాళ్లు చాయ్ హోటల్ దగ్గర నిలబడి మమ్మల్ని చూశారు. కార్డు ఉన్న ఆడవాళ్లలో కూడా అందరూ రాలేదు. తడిపిన ఆకు ఆగదు కదా, ఆ రోజు ఆకు ఆ రోజే చుట్టాలి. అందుకని వచ్చినవాళ్లం చాటలు ఒళ్లో పెట్టుకొని వచ్చాం. నినాదం ఇచ్చేటప్పుడు నోరు పనిచేసేది, చేతులు ఆగేవి కావు. ఒకరోజు సిరిసిల్ల నుంచి మా కొడుకూ, అతనితో పాటు మరమగ్గాల మీద పనిచేసే నలుగురూ వచ్చారు. మరమగ్గాలను మా దిక్కు సాంచాలు అంటారు. సర్కారు ఇచ్చే బట్ట ఆర్డరు తగ్గి వాళ్ల సాంచాలు సగం దినాలు బంద్ ఉన్నాయి. వాళ్లలో ఒక పెద్దాయన కూర్చున్న దగ్గర్నుంచీ దగ్గుతూనే ఉన్నాడు.

చెల్లె అతన్ని చూసి, "అన్నా, నీది దూది దగ్గు. మాది తంబాకు దగ్గు. గట్టిగ దగ్గుదాం, మైకు కిరాయి మిగులుతది" అంది. టెంటంతా నవ్వింది.

ఆమె రోజూ వచ్చింది. కార్డు లేని మనిషి, రాకపోయినా అడిగేవాళ్లు లేరు. మొదటిరోజే అడిగాను.

"నీకేం పనే ఇక్కడ? దవాఖాన ఉన్నా పోయినా నీ పేరు మీద ఏం లేదు గదా."

చాటలోంచి తల ఎత్తకుండానే అంది. "గోలీ నా నోట్లె పడ్డదక్కా. పేరు ఎవరిదైతేంది. తిన్నదాన్ని కూసోనా?"

చాయ్ హోటల్ దగ్గర ఒకడు ఎగతాళి చేశాడు. "అమ్మా, రోజుకు ఎంతిచ్చి తోలుకచ్చిండ్రు మిమ్ముల?"

చెల్లె చేతిలో ఉన్న బీడీకి ముడి వేసి, పళ్లతో దారం తెంపి, "దా బిడ్డా, ఇట్ల కూసో. ఒక్క కట్ట చుట్టు, నీకు గూడ ఇప్పిస్త" అంది. వాడు వక్రంగా నవ్వి పోయాడు. "చుట్టరాదు గని మాట్లాడ మాత్రం అస్తది" అని ఆమె గొణగడం వాడికి వినపడే ఉంటుంది.

అలా పది రోజులు గడిచాయి. పదకొండోనాడు జీపు వచ్చింది.

ఒక ఆఫీసరు, ఒక కాగితాల అమ్మాయి. కూర్చున్నవాళ్లు నిజంగా బీడీ కార్మికులేనా, బయటివాళ్లా అని చూసి పైకి రాయాలట. పేర్లు రాసుకొని కార్డుల పట్టికతో సరిచూస్తారట. మాకు సంతోషమే అయింది. ఇన్నాళ్లకు మా పేర్లు అడగడానికి ఒకరొచ్చారని. అమ్మాయి చాట చాటకూ వచ్చి రాసుకుంది. నా దగ్గరికి వస్తే నా పేరు, నా మొగుడి పేరు, వాడ పేరు గట్టిగా చెప్పాను. ఆమె రాసుకొని ముందుకు పోయింది.

చెల్లె టెంటు ఆ మూలన కూర్చుంది. ఆ మూలకు పోయి "పేరు?" అంది అమ్మాయి. చెల్లె చేతిలో బీడీ సగం చుట్టి ఉంది. తల ఎత్తకుండానే నా పేరు చెప్పింది. "మొగుడి పేరు?" అంటే నా మొగుడి పేరు చెప్పింది.

ఆమె అబద్ధం ఆడలేదు, మీరు నమ్మాలి. ముప్పై ఏళ్లుగా బీడీ పని మీద ఎవరు కాగితం పట్టుకొని పేరు అడిగినా ఆమె నాలుక మీద ఉండే పేరు అదే. మందుల చీటీ దగ్గర అదే, సూది మందు దగ్గర అదే. మా దిక్కు టెంట్లలో తప్ప ఇంకెక్కడా ఇటువంటి తప్పు జరగదనుకుంటాను.

అమ్మాయి కలం ఆగింది. "సార్, గీ పేరు ఒకసారి రాసిన" అంది.

ఆఫీసరు వచ్చాడు. కాగితం చూశాడు, ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "ఒక్క పేరు ఇద్దరు చెబుతున్నారు. ఇద్దరిలో ఎవరమ్మా అసలు మనిషి? ఒక్కొక్కరిని రెండుసార్లు రాయించి లెక్క పెంచుతున్నారా?" అన్నాడు.

టెంట్లో చేతులన్నీ ఆగాయి. ఆ పదకొండు రోజుల్లో అదొక్కసారే అన్ని చేతులూ ఆగాయి.

నేను నోరున్న మనిషినని వాడంతా అంటుంది. రేషన్ డీలరుతో పోట్లాడాను, కార్ఖానా గుమాస్తాతో పోట్లాడాను. ఆ నోటితో ఒక్క మాట చెప్పాల్సింది. "సారూ, ఈమె నా కార్డు మీద ముప్పై ఏండ్లు చేసింది, ఇద్దరం అసలు మనుషులమే, మమ్మల్ని ఇద్దరిగ రాసుకో" అని. చెబితే నా కార్డు పోతుంది. కార్డు పోతే పింఛను పోతుంది. సాంచాలు ఆగిన కొడుకు ఇంట్లో నేను పంపే పింఛనుతోనే పొయ్యి వెలుగుతోంది. ఇదంతా నేను నెమ్మదిగా ఆలోచించానని అనుకోకండి. రెప్పపాటు పట్టలేదు.

"ఆమెకు చెవులు ఇనవడయి సారూ. నా పేరు పిలిచినట్టు అనుకున్నది. ఏదో ఒకటి చెప్తది. ఆమె మాట పట్టుకోకుండ్రి" అన్నాను.

చెల్లె నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను, ఎక్కువసేపు కాదు. తరవాత అరచెయ్యి చెవి వెనక పెట్టుకొని ఆఫీసరు వైపు తిరిగి, "ఆఁ? ఏమన్నరు సారూ? జెర గట్టిగ చెప్పుండ్రి" అంది.

ఆయన గట్టిగా అడిగాడు. "కార్డు ఉందా నీకు?"

"పొద్దు అయిందా? అయింది సారూ, పోత" అని, చాట నడుముకు ఆనించుకొని లేచి, టెంటు దాటి నడిచింది. ఎవరో ఇద్దరు కిసుక్కుమని నవ్వారు. ఆమె కత్తిరించిన ఆకులు రెండు కింద పడ్డాయి. ఏరుకోలేదు. పడ్డ ఆకును ఏరుకోకుండా ఆమె పోవడం నేను అప్పుడొక్కసారే చూశాను.

మరునాడు టెంట్లో సగం మంది లేరు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నాకు మాత్రం తెలుసు. టెంట్లో నేనొక్కదాన్నే అలా లేను. ప్రతి రెండో కార్డు వెనక ఇంకో ఆడది ఉంది. పట్టికతో సరిచూస్తారని తెలిశాక కార్డు ఉన్నది భయపడింది, లేనిది ఇంకా భయపడింది. ధర్నాలకు ఎవరు వస్తారు, ఎవరు రారు అని పేపర్లలో పెద్దపెద్ద మాటలు రాస్తారట. పంతులమ్మ చెబుతుంది. నాకు తెలిసింది ఇంతే. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల పేరే ఏ కాగితంలోనూ ఉండదు. పేరు అడిగితే లేచి పోవాల్సింది వాళ్లే.

పేపర్లో "బయటి వ్యక్తులు, దొంగ పేర్లు" అని పడింది. ఇంకో నాలుగు రోజులకు టెంటు విప్పాం. నెల తిరక్కముందే ట్రాలీ ఆటో వచ్చింది. బల్ల, బీరువా, బరువు తూచే మిషను ఎక్కించుకొని పోయింది. మేము వాకిళ్లలో నిలబడి చూశాం. నోరున్న మనిషి అనే మాట నాకు ఆ రోజుతో సరి.

టెంటు నుంచి వచ్చిన సాయంత్రం నేను గోడ దగ్గరికి పోలేదు. ఆమే పిలిచింది. గుసగుసగా.

"అక్కా, ఆకు ఇయ్యవా ఇయ్యాల?"

ఆకు ఇచ్చాను. నా కళ్లు చూసి అంది. "మంచిగనే చెప్పినవక్కా. ఇంకేం చెప్తవ్? నీ కార్డు పోతె నా చేతికి ఆకు యాడికెల్లి అస్తది?" ఆకు చాటలో వేసుకుంటూ, "ఇంక నేను చెవిటిదాన్నే. మర్చిపోయి నువ్వు వాడల నాతోని మెల్లగ మాట్లాడకు. పట్టుకుంటరు" అంది.

నేను పరాచికమనుకున్నాను. ఆమె పరాచికమాడలేదు. ఆ రోజు నుంచి పోయేదాకా, రెండేళ్లకు పైగా, వీధిలో ఆమె చెవిటిదే. కూరగాయల బండి అతను అరిచి ధర చెబితే మూడోసారికి గాని తల ఊపేది కాదు. పిల్లలు వెనక నుంచి తిట్టిపోతే తిరిగి చూసేది కాదు. పాలామె చెవి దగ్గరికొచ్చి కేకవేస్తే, ఉలిక్కిపడకుండా నిలబడటం ఎక్కడ నేర్చుకుందో. పెళ్లిళ్లలో ఆమె ఎదురుగానే ఆమె గురించి మాట్లాడుకునేవాళ్లు, చెవిటిదే కదా అని. అన్నీ విని, ఇంటికొచ్చి గోడ దగ్గర గుసగుసగా నాకు చెప్పి నవ్వేది. "మంచిగుందక్కా ఇది. జనం ఏమనుకుంటరో చెవిటిదానికే ఎరుక" అనేది. నేను నవ్వేదాన్ని కాదు. "సాలు ఇగ, ఎవడు అడుగుతడు గిప్పుడు? మామూలుగ ఉండు" అన్నాను ఎన్నోసార్లు. "నువ్వు పింఛను తెచ్చుకునేదాక ఉంట" అనేది. పింఛను నెలనెలా వస్తూనే ఉంటుంది కదా. ఆమె ఉండటమూ అలాగే ఉంది.

ఊపిరి మాత్రం నెలనెలా తగ్గింది. గోడ అవతల కత్తెర చప్పుడు మధ్య ఖాళీలు పెరిగాయి. రెండుసార్లు ఇద్దరం జగిత్యాల పెద్దాసుపత్రికి పోయాం. బస్సుకు ఆడవాళ్లకు టికెట్టు లేదు గాని, పోయిన రోజు ఆకు పోతుంది. అక్కడ చీటీ ఆమె ఆధార్ మీద, ఆమె సొంత పేరు మీద రాశారు. లైన్లో కూర్చున్నాం. నర్సు ఆమె పేరు పిలిచింది. చెల్లె లేవలేదు. మళ్లీ పిలిచింది. చెవిటి వేషం వేస్తోందేమోనని నేను ఆమె మొహం చూశాను. వేషం కాదు. ఆ పేరు తనదని ఆమెకు తట్టలేదు. మోచేత్తో పొడిచి, "నిన్నే" అన్నాను. "అరె, నన్నేనా" అని లేచింది. డాక్టరమ్మ మంచిది, విడమరిచి చెప్పింది. నోట్లోకి కొట్టుకునే మందు ఇచ్చి, నెలకోసారి తప్పకుండా రమ్మంది. మూడోసారి పోలేదు. "గంతదూరం పోయి లైన్ల కూసునే ఓపిక ఉంటె, ఆ ఓపికతోని రెండు కట్టలు చేత్త" అంది. నేను బలవంతం చేయలేదు. చేసి ఉండాల్సింది. వాడ చివరి దవాఖాన అయితే దగ్గుకుంటూ నడిచిపోయేది.

ఆటో దిగి ఆమె ఇంట్లోకి పోయేసరికి కడిగి పడుకోబెట్టారు. తెల్లగుడ్డలో మొహం చిన్నగా ఉంది. తంబాకు వాసన మాత్రం ఆ ఇంట్లోంచి ఏ అత్తరూ తీయలేకపోయింది. ఆడవాళ్లు జరిగి నాకు చోటిచ్చారు. వాళ్లలో ఒకామె నా చేయి పట్టుకొని, "పాపం, చెవులు ఇనవడకున్నా ఎవలతోని లొల్లి పెట్టుకోలె" అంది. ఆ నిమిషంలోనే చెప్పాలనుకున్నాను. ఆమె కొడుకు నా వైపే చూస్తున్నాడు, వద్దన్నట్టు. వాడికి అంతా తెలుసు. చెల్లె కాళ్ల దగ్గర కూర్చున్నాను. మా ఆడవాళ్లం శ్మశానం దాకా పోము, వాళ్ల ఆడవాళ్లూ పోరు. ఆమెను మోసుకుపోయే పెట్టె వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడ్డాం.

మూడోరోజు, ఆనాడు జీపు వచ్చిన ఆఫీసుకు పోయాను, టెంట్లో నేనాడిన అబద్ధం చెప్పేద్దామని. ఆనాటి ఆఫీసరు బదిలీ అయ్యాడు. అక్కడున్న గుమాస్తా నేను చెప్పిందంతా విని, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "అవ్వా, ఆ ఫైలు ఎప్పుడో కట్టేసిండ్రు. నువ్వు చెప్పింది రాసుకుంటె నీ పింఛను పోతది. దవాఖాన మాత్రం రాదు. నేను ఇనలేదనుకుంట. ఇంటికి పో." అతను నా మంచి కోరే చెప్పాడు. అందరూ మంచి కోరే చెబుతారు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను. చదివినవాళ్లు పోయి ఎవరికైనా చెబితే చెప్పండి. నా పేరు పంతులమ్మ దగ్గర ఉంది. దీంతో ఏదో జరుగుతుందని నేను అనుకోవడం లేదు. టెంట్లో ఆ మూలన ఒక మనిషి కూర్చుందని, ఆమె ఎవరి పేరూ దొంగిలించలేదని చెప్పడానికి మాత్రమే.

ఆ రోజే ఆమె కోడలు చాట తెచ్చి నా ముందు పెట్టింది. నేను సిరిసిల్లలో ఉన్న రెండు రోజులు ఆమె చుట్టిన బీడీలు. కార్డు మనిషి ఊళ్లో లేదు కాబట్టి కార్ఖానాకు పోకుండా ఆగిపోయాయి. "నీ గంపల కలుపుకొని ఇచ్చెయ్యి పెద్దమ్మా" అంది. కలపలేదు. వాటిని వేరే గుడ్డలో కట్టుకొని తీసుకుపోయాను.

బీడీలు చూసి తీసుకునే గుమాస్తా ముందు పెట్టి, "ఇవి నావి కావు. పోయినామెవి. ఆమె పేరు మీద రాయి" అన్నాను.

అతను ఒక కట్ట చేతిలో తిప్పాడు. "నాకు తెల్వదా అవ్వా? మూతి గట్టిగ మలిచినయి ఆమెవి. నీవి జెర వదులు. గిన్నేండ్లు రెండు చేతుల పని ఒక్క గంపల తెచ్చినవ్, ఏమన్న అన్ననా?"

"అననందుకే చెప్తున్న. రాయి."

"ఏడ రాయాలె? ఆ పేరు బుక్కుల లేదు. లేని మనిషి చేసిన బీడీలు నేనెట్ల తీసుకుంట? నీ కార్డు ఇటియ్యి, ఒక్క నిమిషం పని."

వెనక లైన్లో ఆడవాళ్లు "జల్ది కానియ్యవ్వా, ఎండ కొడుతున్నది" అన్నారు. వాళ్లలో ఎవరి గంపలో ఎవరి బీడీలు ఉన్నాయో నాకు తెలుసు. కార్డు నా రొండిలోనే ఉంది. తీయలేదు. గుడ్డ మళ్లీ ముడి వేసుకొని ఇంటికొచ్చాను.

ఇప్పుడవి మా ఇంట్లో, ఆమె చాటలోనే ఉన్నాయి. చాయ్ హోటల్ దగ్గరి మగవాళ్లిద్దరు వచ్చి అడిగారు. "ఊకెనే పడున్నయట గదా, ఓ కట్ట ఇయ్యవ్వా." ఇవ్వలేదు. నిన్నటి నుంచి మబ్బు పట్టింది. బీడీకి తేమ పడదు. చాటను పొయ్యి దగ్గరికి జరిపి, ఒక్కొక్క కట్టనూ తిప్పి పెట్టాను. మూతులన్నీ ఒక్క తీరుగా, గట్టిగా మలిచి ఉన్నాయి.